బేం అన్నాడు

"బేం" అన్నాడు. కొట్టు గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు వీధిలో పెట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని, "రేపు పన్నెండింటికి చర్చిలో ఆర్గన్ నేనే వాయిస్తున్నాను. బేం" అన్నాడు, అనేసి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేనప్పుడు మీటరు బద్ద మీద తెల్ల లేసు పరిచి ఎవరో పెళ్ళికూతురి తల్లికి కొలుస్తున్నాను. బద్ద అక్కడే ఆగింది, చెయ్యి అక్కడే ఆగింది, ఆవిడ "ఏమ్మా, కోస్తావా, పెళ్ళయ్యేదాకా నన్నిలాగే నిలబెడతావా" అంటే కోశాను, ఎంత కోశానో దేవుడికే తెలియాలి, ఎక్కువే వెళ్ళి ఉంటుంది, ఆవిడ కిక్కురుమనకుండా సంచిలో పెట్టుకుంది. నిన్నటినుంచీ ఆ ఒక్క ముక్కే నములుతున్నాను. బేం అంటే సరే మరి. లేచి వెళ్ళబోయేవాడు ఎవడైనా మోకాళ్ళ మీద చేతులేసి అనే మాట, పెద్ద అర్థం లేని మాట. వేం అంటే రా. రెండిటికీ మధ్య తేడా ఒక్క అక్షరం, ఆ ఒక్క అక్షరమూ మా పోర్తో ఊళ్ళో లేదు. వకారం మా నోట పలకదు. వైన్‌ని దేశమంతా వీన్యు అంటే మేం బీన్యు అంటాం, వాళ్ళ వాక మాకు బాక, అయినా అదే ఆవు, అవే పాలు. రమ్మన్నా బేం, సరే మరి అన్నా బేం, మాలో మాకెప్పుడూ తికమక రాలేదు, అనేవాడి కనుబొమలు చూస్తే తెలిసిపోతుంది. కానీ ఈ మనిషి మావాడు కాదు. లిస్బన్ మనిషి. కింది పెదవిని పళ్ళతో మెత్తగా నొక్కి వకారాన్ని వకారంలాగే పలికే మనిషి. అలాంటివాడు బేం అన్నాడంటే సరే మరి అనే. రేపు వాయిస్తున్నాను, సాయంత్రం రైలుకి వెళ్ళిపోతున్నాను, సరే మరి. అంతే కదా. అంతే ఐతే నేను కొట్టుకి తాళం పెట్టి, మంచి గౌను తొడుక్కుని, ఇంత ఎండలో ఈ ఎగువ వీధి ఎందుకు ఎక్కుతున్నట్టు?

ఎందుకంటే ఆయన పదేళ్ళ పైమాటే మా మధ్య ఉన్నాడు. పక్కనున్నవాళ్ళ జలుబు అంటుకోగాలేనిది పక్కనున్నవాళ్ళ నోరు అంటుకోదా. మొన్న చలికాలంలో నదిమీంచి వచ్చే గాలి గురించి చెబుతూ వేంతు అనడానికి బేంతు అన్నట్టు వినిపించింది, నేను చటుక్కున తల ఎత్తేసరికి దగ్గాడు, అది దగ్గో బకారమో ఇప్పటికీ తేలలేదు. ఆయనకి మా నోరు వచ్చేసి ఉంటే మటుకు, నిన్నటి బేం వేం అవుతుంది, రా అవుతుంది. రండి కూడా కాదు, రా. అదింకో గొడవ. ఇన్నేళ్ళలో ఆయన నన్ను జుల్మీరాగారూ మీరూ అనే తప్ప ఇంకోలా పిలిచింది లేదు, నేనూ అంతే, బిర్జీలియుగారూ మీరూ అనే. ఆయన పేరు విర్జీలియు అనుకోండి, నా నోట మొదటి రోజునుంచీ తప్పే, ఆయన ఏనాడూ దిద్దలేదు. మర్యాదకి పిలవాలంటే వేన్య అనాలి, దయచెయ్యండి అన్నట్టు. అంత మర్యాదస్తుడు, మాట తూకం వేసి బయటికి తీసే మనిషి, ఆ మీరుని ఒక్కసారిగా తీసి పక్కన పెట్టి రా అన్నాడంటే, అన్నాడంటే ఏమిటో అనుకోవడానికే సిగ్గేసి నడి వీధిలో ట్రాము పట్టాల మీద ఆగిపోయాను. ట్రాము గంట మీద గంట కొట్టింది. డ్రైవరు తల బయటపెట్టి, పండగపూట కాబట్టి తిట్టకుండా, అమ్మమ్మా, కలలు పక్కన నిలబడి కనమ్మా అన్నాడు. అమ్మమ్మట. వాడి మొహం.

సంగతేమిటంటే ఆయన గది పోయింది. ఇంటావిడ గోడలకి సున్నం కొట్టించి, మంచం మార్చి, టూరిస్టులకిచ్చుకుంటానంది, ఈ మధ్య మా వీధిలో ఎవర్ని కదిపినా ఇదే. లిస్బన్‌లో వాళ్ళన్నయ్యది ఆర్గన్లు బాగుచేసే షెడ్డు, ఎన్నాళ్ళ నుంచో రమ్మంటున్నాడు. ఇక్కడ వేరే గది చూసుకుంటారా అని నేను అడగలేదు. నా కొట్టు మీద ఒక గది ఉంది, వీధి వైపు కిటికీ, కిటికీ నిండా చర్చి గోపురం, లోపల నేల నిండా పాత గుండీల పెట్టెలు. ఆ గది సంగతి ఆయనకీ తెలుసు, పెట్టెలు ఎత్తడానికి రెండు మూడుసార్లు సాయం వచ్చాడు, కిటికీ దగ్గర నిలబడి ఇక్కణ్ణుంచి గంటలు ఎంత బాగా వినిపిస్తాయో అన్నాడు, అవునన్నాను. అవునండీ, ఐతే ఇక్కడే ఉండిపోండి అనడానికి నాకేం రోగం? వీధిలో ఎవరికెవరు పడకపోయినా మధ్యలో దూరి తగువు తీర్చే దాన్ని, చేపల బజారులో నా నోటికి జడిసి తూకం సరిగా వేస్తారు, అలాంటి నా నోరు ఆయన ఎదట మాత్రం దారం చుట్టిన గుండీ ఐపోతుంది. ఇవాళ సాయంత్రం రైలు ఎక్కితే ఇక ఎవరి దారి వాళ్ళది. ఆయన వెళ్ళిపోకూడదు, నాకంతే కావాలి.

ఇందాక కొట్టు మూస్తుంటే మా వదిన పట్టుకుంది. మా వదిన కుష్టోదియ, పోయిన మా ఆయనకి అక్క, యోహాను పండగ వచ్చిందంటే మా కొట్టు మెట్ల మీద మంజెరీకు మొక్కలు పేర్చి అమ్ముతుంది, పిడికెడు కుండీలో సన్నాకుల గుబురు, దానికి గుచ్చిన కాగితప్పువ్వు, సిగ్గులేని పద్యం రాసిన చిన్న జెండా. పండగ ముందురోజు, బేరాలు ముమ్మరంగా ఉండే పూట, పన్నెండు కొట్టకుండా కొట్టు మూస్తావేంటని అడిగింది. పళ్ళ డాక్టరన్నాను. ఆవిడ ఒకసారి నా గౌను చూసింది, నా బూట్లు చూసింది, గాలి పీల్చింది.

"పళ్ళ డాక్టరుకి సెంటు కొట్టుకెళ్తారని నాకిన్నాళ్ళూ తెలీదే" అంది. నేను తాళం చెవి సంచిలో వెతుక్కుంటున్నట్టు నటించాను. ఆవిడ మొక్కలకి నీళ్ళు చిలకరిస్తూనే, నా వైపు చూడకుండానే అంది: "మా తమ్ముడు పోయి ఎన్నాళ్ళైందే? వాడేం గోపురమెక్కి తొంగి చూట్టం లేదు. చూసినా నవ్వుకుంటాడు. ఎళ్ళు. ఆ లెట్యూసాకుని తీసుకురా, రాత్రికి సార్డీన్లు నేను కాలుస్తా."

లెట్యూసాకు. లిస్బన్ వాళ్ళని మేం అలా అంటాం, వాళ్ళు మమ్మల్ని బోటి తినేవాళ్ళంటారు, మాకు కోపం రాదు, మేం తినేది నిజంగానే బోటి, అందులో తెల్ల చిక్కుడు గింజలేసి వండితే ఆ లెట్యూసాకులు కూడా రెండోసారి వడ్డించుకుంటారు. ఈయనా వడ్డించుకున్నాడు, కాకపోతే అది తర్వాత. మొదటిసారి చూసింది సరిగ్గా ఇలాంటి పండగ ముందురోజే, ఇదే మెట్ల మీద. మంజెరీకుని ముక్కు పెట్టి వాసన చూడకూడదని మా ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు, అరచెయ్యి ఆకుల మీద మెల్లగా ఆనించి, ఆ చేతిని వాసన చూసుకోవాలి, ముక్కు పెడితే మొక్క వాడిపోతుంది, నిజంగా వాడుతుందా అని ఎవరూ పరీక్షించే సాహసం చెయ్యలేదు. ఈయన పొడుగ్గా సన్నగా ఎక్కణ్ణుంచో వచ్చి, వంగి, కుండీ రెండు చేతులా ఎత్తుకుని, పాయసం గిన్నె అందుకున్నట్టు మొహమంతా అందులో పెట్టేశాడు. వీధి వీధంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. మా వదిన పండగకి ఒకరి నెత్తిన ఒకరు కొట్టుకునే సుత్తి, ఆ పీపీమనే ప్లాస్టిక్ సుత్తి, తీసి నెత్తిన ఒక్కటిచ్చి, మొక్కని చంపడానికొచ్చావా నాయనా అంది. ఆయన ఆకులంటిన ముక్కుతో నిటారుగా నిలబడి, క్షమించండి, నేను లిస్బన్‌ నుంచి వచ్చాను అన్నాడు. అంతే, అందరికీ జాలేసింది, అంతవరకూ తిడుతున్న వాళ్ళే పాపం పాపం అన్నారు, ఎవరో గ్లాసు చేతికిచ్చారు. నేను కొట్టు లోపల నవ్వు ఆపుకోలేక బల్ల కింద వంగి, పడిపోని గుండీలు ఏరుతూ కూర్చున్నాను. లేచేసరికి ఆయన ఎదురుగా ఉన్నాడు, ఎర్ర ఫెల్టు గుడ్డ ఉందా అని అడుగుతున్నాడు. చర్చిలో ఆర్గన్ శ్రుతి చెయ్యడానికి వచ్చాడట, దాని మీద వేళ్ళతో నొక్కే మెట్ల కింద వేసే గుడ్డ అరిగిపోయిందట. ఉన్న ఫెల్టంతా బల్ల మీద పరిస్తే ఒక్కో ముక్కా చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళ మధ్య నలిపి, ఇది మాట్లాడుతోంది, వద్దండి, ఇది ఊరుకుంది, ఇవ్వండి అన్నాడు. నేను నలభై రకాల మనుషుల్ని చూశాను ఆ బల్ల వెనకనుంచి, గుడ్డని విని కొనుక్కున్న మనిషిని చూడలేదు. ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఆర్గన్లకి ఎంత ఫెల్టు పట్టిందో, ఏ ఆర్గనూ అంత ఫెల్టు తినదని ఆర్గన్ల గురించి ఏమీ తెలియని నాకే తెలుసు.

ఎగువకి వచ్చేశాను. వీధి చివర చర్చి ముఖం, దాని నిండా రాతి పూలదండలు, దాని వెనకాల, సన్నగా, ఎత్తుగా, పొద్దున లేవగానే కనిపించే గోపురం. దీన్ని నేను చూస్తానని కూడా అనలేను, ముక్కుని చూసుకుంటామా ఏమన్నా. ఓడల కాలంలో దీని మీద జెండాలెగరేసేవాళ్ళట, ఆ జెండా చూసి ఏ ఓడ రేవుకి వస్తోందో ఊరంతా తెలుసుకునేదట, మా నాయనమ్మకి వాళ్ళ నాయనమ్మ చెప్పింది. ఎంత హాయి. వస్తున్నాడో పోతున్నాడో తేల్చి చెప్పే జెండా ఇప్పుడొకటుంటే నేనీ మెట్ల మీద ఇలా నిలబడేదాన్ని కాదు. లోపలికి వెళ్ళాను. చల్లగా ఉంది, మైనం వాసన, పక్కనెవరో పూసుకున్న ఎండ క్రీము వాసన. ఈ చర్చికి మూలల్లేవు, కోడిగుడ్డు ఆకారంలో కట్టాడు ఆ మహానుభావుడు, మూలల్లేని చోట దాక్కోవడానికి కుదరదు, ఎక్కడ కూర్చున్నా ముందు కూర్చున్నట్టే ఉంటుంది. సర్లే అని మూడో వరసలో కూర్చున్నాను. గులాబీ రంగు పాలరాయి మెట్లు మెట్లుగా పైకి పోతోంది, పైన మేరీమాత, ఆవిడకి రెండు వైపులా ఎదురెదురుగా రెండు ఆర్గన్లు, బంగారు పూత, అడ్డంగా పొడుచుకొచ్చిన కొమ్ముబూరలు, ఒకదాని మొహంలోకి ఒకటి చూసుకుంటూ. ఇన్ని వందల ఏళ్ళు ఎదురెదురుగా ఉండి ఇవేనాడైనా నువ్వు అనుకున్నాయో లేదో. ఈ చర్చి కట్టినాయన ఇటలీ మనిషి. పనికి వచ్చాడు, ఉండిపోయాడు, ఇక్కడి పిల్లని చేసుకున్నాడు, ఇక్కడే పోయాడు, ఈ చర్చిలోనే ఎక్కడో పాతిపెట్టారు, ఎక్కడన్నది ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు మా అమ్మ, మెల్లగా నడవవే, ఆయన నీ కాలికిందే ఉన్నాడేమో అనేది, నేను మునివేళ్ళ మీద నడిచేదాన్ని. ఆయనకి మా వకారం, అదే, మా బకారం అబ్బిందో లేదో. అబ్బే ఉంటుంది. వంటింట్లో రోజూ బకారాలు వింటూ ఇటలీ నోరు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

పన్నెండు కొట్టింది. గోపురంలో గంటలు మోగితే బయట వినడం వేరు, లోపల కూర్చుని వినడం వేరు, బెంచీ చెక్కలోంచి నడుం లోకి వస్తాయి. మా ఆయన, మా అమదేవు, ఈ గంటలు వినే భోజనానికి లేచేవాడు, మొదటి గంటకి కత్తెర కింద పెట్టేవాడు, పన్నెండో గంటకి చెంచా చేతిలో ఉండేది. మంచి మనిషి, నవ్వించే మనిషి, ఆదివారం ఆదివారం గోపురం ఎక్కిస్తానని మాటిచ్చి ఆదివారం ఆదివారం ఏదో ఒక సాకు చెప్పేవాడు, గోపురం ఎక్కడం టూరిస్టుల పనే, పైకెక్కితే గోపురం తప్ప అన్నీ కనిపిస్తాయి, మనకి కావల్సింది గోపురం కదా అనేవాడు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పుడు ఏడుపు రాదు, నవ్వొస్తుంది, ఆ నవ్వు పెదవి దాకా వచ్చేసరికి పైన ఆర్గన్ మొదలైంది. లిస్బన్ మనిషి వాయిస్తున్నాడు. కనిపించడం లేదు, బలిపీఠం కట్టడం వెనక ఎక్కడో ఉన్నాడు, రోజూ వాయించే ఆయన ఇవాళ ఈయనకి చోటిచ్చాడు, వీడ్కోలన్నమాట. పెద్ద విద్వాంసుడేం కాదు, ఆ మాట ఆయనే చెబుతాడు, నేను గొట్టాలకి వైద్యుణ్ణండీ, గాయకుణ్ణి కాదు అంటాడు. కానీ ఒక్కో స్వరాన్నీ ఫెల్టు ముక్కని విన్నట్టే విని, ఇది పనికొస్తుంది అని తేల్చుకుని కింద పెడుతున్నట్టుంది. నా పక్కనున్న ఫ్రెంచి దంపతులు టోపీలు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. మధ్యలో ఒకచోట, బాగా నడుస్తున్న వరసలో, స్వరం ఒకటి తప్పింది. చిన్న తప్పు కాదు, కొమ్ముబూర మీద తప్పు, చర్చంతా వినపడింది, ఫ్రెంచావిడ ఒక కన్ను తెరిచింది. తర్వాత ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత మెల్లగా, చాలా భక్తిగా, వంగి నడిచే ముసలమ్మలా మొదలైంది ఒక పాట, ఇదేదో తెలిసిన కీర్తనే అనుకుంటున్నాను, రెండో పాదానికి వచ్చేసరికి అర్థమైంది, కీర్తనా లేదు ఏమీ లేదు, ఇవాళ రాత్రి సుత్తులతో నెత్తిన కొట్టుకుంటూ వీధుల్లో ఎగిరే పాట అది, దాన్ని నిద్రమాత్ర వేసినట్టు నెమ్మది చేసి పాలరాతి మధ్య వాయిస్తున్నాడు. ముందు వరసలో మా ఊరి ముసలమ్మలు ఇద్దరు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. టూరిస్టులు ఎంతో శ్రద్ధగా వింటున్నారు. నాకు నవ్వు, నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళు, అమ్మో, నాకీ మనిషి కావాలి, చర్చిలో కూర్చుని ఇంత గట్టిగా అనుకోవచ్చో కూడదో తెలియదు, అనుకున్నాను.

అయిపోయింది. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు దిగుతాడు, ఆ పక్క తలుపులోంచి టోపీ పట్టుకుని వస్తాడు, నన్ను చూస్తాడు, అప్పుడు ఆ కనుబొమలు చెబుతాయి వేమో బేమో. రాలేదు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు, ముసలమ్మలు కొవ్వొత్తి వెలిగించి వెళ్ళిపోయారు, రాలేదు. ఇదిగో, ఇదే అనుకున్నాను, రా అన్నవాడు రాకుండా ఉంటాడా, సరే మరి అన్నాడు, సరే మరి అంటే సరే మరే, ఈ వయసులో చెవులు నీకు నచ్చిందే వినిపిస్తాయి జుల్మీరా, వెళ్ళి గుండీలు అమ్ముకో. లేచాను కూడా. కానీ కాళ్ళు గుమ్మం వైపు కాకుండా పక్క తలుపు వైపు నడిచాయి. అక్కడ టిక్కెట్లు చూసే మనిషి నన్నెరుగును, ఆవిడ యూనిఫారానికి గుండీలు నా దగ్గరే కుట్టించుకుంటుంది. ఏమీ అడగకముందే, మీ లిస్బనాయన గోపురమెక్కాడండీ, సామాన్ల సంచి భుజాన వేసుకుని మరీ పోయాడు, ఊరిని ఒకసారి చూసుకుని పోతానన్నాడు అంది. మీ లిస్బనాయన అంది. అంటే వీధిలోనే కాదు, ఇక్కడ కూడా తెలిసిపోయిందన్నమాట, తెలియనిది మా ఇద్దరికే.

ఎక్కుతున్నాను. మొదట మామూలు మెట్లు, తర్వాత మేడలు, మేడ గోడ కంతలోంచి కిందికి చూస్తే నేనిందాక కూర్చున్న బెంచీ అగ్గిపెట్టెంత కనిపించింది, తర్వాత మెట్లు సన్నబడి, మెలికలు తిరిగి, రాయి రెండు భుజాలకీ తగులుతోంది. పుట్టిన దగ్గర్నుంచీ దీని నీడలో బట్టలారేసుకున్నాను, ఇదే మొదటిసారి దీని కడుపులోకి రావడం. పైనుంచి దిగేవాళ్ళూ కిందనుంచి ఎక్కేవాళ్ళూ ఎదురైతే ఎవరో ఒకరు గోడలోకి ఒదగాలి, పొట్టలోకి గాలి పీల్చుకోవాలి, ఒక పెద్దాయన జర్మన్‌లో ఏదో క్షమాపణ చెబుతూ నా మీదుగా దాటాడు, నేను మా భాషలో ఫరవాలేదు నాయనా, ఇంతకన్నా దగ్గరగా మా ఆయన కూడా నిలబడలేదు అన్నాను, అర్థం కాక థాంక్యూ అన్నాడు. మోకాళ్ళు నొప్పి. ఊపిరి నొప్పి. నవ్వొస్తే పక్కటెముకల్లో నొప్పి. రాతికి అరిగిన గుంటలు, ఎన్ని కాళ్ళో, ఎన్ని వందల ఏళ్ళ కాళ్ళో, గంటలు కొట్టేవాళ్ళు, జెండాలెగరేసేవాళ్ళు, ఊరికే చూడాలని ఎక్కినవాళ్ళు, వీళ్ళలో నాలాగా ఒక అక్షరం తేల్చుకోవడానికి ఎక్కింది ఎవరైనా ఉన్నారా? వెనక్కి తిరిగిపోదామా అంటే వెనకాల ఇటాలియన్ అమ్మాయిల దండు, తోసుకుంటూ పాడుకుంటూ వస్తున్నారు, వెనక్కి దారి లేదు. సరే, పైకి వెళ్ళి ఏం చెబుతాను? మీరు పిలిచారని వచ్చానంటే, నేనెప్పుడు పిలిచానంటే? ఊరికే ఎక్కానంటాను. ఇన్నేళ్ళుగా ఎక్కని మనిషి ఇవాళే ఊరికే ఎక్కిందట, నమ్ముతాడా. నమ్మకపోతే పోనీ. వెలుతురు కనిపించింది, ముందు చీలికంత, తర్వాత తలుపంత, తర్వాత గాలి వచ్చి నేను పొద్దున దువ్వుకున్నదంతా పాడుచేసింది.

అన్నీ ఉన్నాయి. ఎర్ర పెంకుల కప్పులు ఒకదాని మీదొకటి ఎక్కి నది వైపు దిగిపోతున్నాయి, నది మెరుస్తోంది, నదికవతల వైను గిడ్డంగులు, దూరంగా సముద్రం ఒక గీత, తలల చుట్టూ పక్షులు కీచుమంటూ చక్కర్లు కొడుతున్నాయి, కింద వీధులకి కట్టిన రంగు కాగితాలు గాలికి ఆడుతున్నాయి. నా కొట్టు పైకప్పు నాకు కనిపించింది, ఒక పెంకు పగిలి ఉంది, అందుకే అక్కడ కారుతోంది. అమదేవు చెప్పింది నిజమే, గోపురం తప్ప అన్నీ కనిపిస్తున్నాయి. ఆ పెంకు దగ్గర్నుంచి కళ్ళు ఎత్తేసరికి, ఇనప కటకటాల దగ్గర, నా వైపు వీపు పెట్టి, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, టోపీ గాలికి పోకుండా అరచేత్తో నొక్కిపట్టుకుని, ఆయన. నా ఆయాసం విని వెనక్కి తిరిగాడు.

"మీరా?" అన్నాడు.

ఆ మీరాలో ఏ అక్షరానికీ ఎదురుచూసినట్టు లేదు. ఎర్ర ఫెల్టు ముక్కొకటి మిగిలింది, ఇచ్చిపోదామని వచ్చానన్నాను. తాటిచెట్టెందుకు ఎక్కావంటే దూడ గడ్డికన్నాడట, అలా ఉంది నా వరస, ఆయన నా చేతులవైపు చూశాడు, చేతుల్లో ఫెల్టూ లేదు ఏమీ లేదు, సంచి కూడా కిందే మరిచిపోయాను. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"మీరే కదా రమ్మన్నారు" అన్నాను. "నిన్న గుమ్మంలో. బేం అన్నారు."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "నేను బేం అన్నానండీ," అన్నాడు మెల్లగా, కింది పెదవి జోలికే పోకుండా, "సరే మరి అని."

వినండి, మరి. తేలిపోయింది. అది బకారమే, పుట్టుకతో బకారం, లిస్బన్ బకారం. పక్షులు రెక్క పట్టుకుని నన్నలా నది మీదికి తీసుకుపోతే బాగుండుననిపించింది. ఇటాలియన్ పిల్లలు మా వెనకాల ఫొటోలు తీసుకుంటూ నవ్వుతున్నారు, వాళ్ళు నన్ను చూసి నవ్వడం లేదు కానీ నవ్వితే న్యాయమే. చెవులు బకారాల ఊళ్ళో పెరిగిన పాపం. రమ్మన్నాడని విని, సెంటు కొట్టుకుని, కొట్టు మూసి, ఊళ్ళో అందరికీ కనిపిస్తూ గోపురమెక్కి, పిలవని మనిషి ఎదట రొప్పుతూ నిలబడ్డాను. తిరిగి పోదామని తలుపు వైపు ఒక అడుగు వేశాను, అక్కడింకా జనం పైకి వస్తున్నారు, దిగడానికి సందు లేదు.

"రమ్మందామనే వచ్చానండీ" అన్నాడు వెనకనుంచి. ఆగాను. ఇంటి దగ్గరే ఆ మాట పదిసార్లు చెప్పుకుని మరీ వచ్చాడట. గుమ్మంలోకి వచ్చేసరికి నేను లేసు కొలుస్తున్నానట, ఎదురుగా ఆవిడెవరో ఉందట, నోరు పెగల్లేదట, ఏదో ఒకటి అనాలి కాబట్టి సరే మరి అనేసి పారిపోయాడట. "ఆర్గన్ దగ్గర ఒక అద్దం ఉంటుంది, కింద బలిపీఠం కనిపించడానికి," అన్నాడు, టోపీ తీసి చేత్తో నలుపుతూ. "దాన్ని కాస్త తిప్పి పెట్టుకున్నాను. మీరు మూడో వరసలో ఉన్నారు. అప్పుడే ఆ స్వరం తప్పింది."

చూశారా మరి, కనిపిస్తే కిందికి దిగి రావాలిగానీ పైకి పారిపోవడమేమిటని అడిగాను. నా గొంతు నాకొచ్చింది, చేపల బజారు గొంతు, పక్కవాళ్ళు తిరిగి చూశారు. భయమేసిందండీ అన్నాడు. అరవై దాటిన మనిషి, గాలి నిండిన గొట్టాల్లో చేతులు పెట్టి బతికిన మనిషి, నాకు భయపడి ఇంత ఎత్తు ఎక్కాడు, నేను ఆయన వెళ్ళిపోతాడని భయపడి ఇంత ఎత్తు ఎక్కాను, ఇద్దరం భయపడి ఊరికంతకీ పైన వచ్చి నిలబడ్డాం. నవ్వు ఎవరికి ముందొచ్చిందో తెలియదు. మోకాళ్ళ నొప్పి, నడుం నొప్పి ఏమైపోయాయో తెలియదు. కటకటాలు పట్టుకుని నవ్వుతుంటే ఇటాలియన్ పిల్లలు మమ్మల్ని కూడా ఫొటో తీశారు. నవ్వు అణిగాక కొట్టు పైకప్పు ఆయనకి చూపించాను, పెంకు పగిలింది, దాని కింద గదిలో గుండీల పెట్టెలున్నాయి, అవి తీసి మెట్ల కింద పెడితే మంచం పడుతుంది, కిటికీలోంచి గంటలు ఎలా వినిపిస్తాయో మీకే తెలుసు అన్నాను. ఇంత పొడుగు మాట ఇన్నేళ్ళలో ఆయన ఎదట ఎప్పుడూ అనలేదు. ఆయన ఆ పెంకు వైపు చాలాసేపు చూశాడు, శ్రుతి వింటున్నట్టు తల పక్కకి వాల్చి.

"మరి సాయంత్రం రైలు?" అన్నాడు.

"రైలుకి దారి తెలుసు బిర్జీలియూ. నువ్వు లేకపోయినా లిస్బన్ చేరుతుంది" అన్నాను. నోరు జారి కాదు, చూసుకునే అన్నాను.